ముందు చీటీలా, ముందు ఏఐనా? సంఘం నిర్ణయానికి ఏది మేలు

మార్చి వచ్చి మిర్చి కల్లాల్లో ఆరుతుంటే రైతు ఉత్పత్తిదారుల కంపెనీ డైరెక్టర్ల ముందుకు ఏటా ఒకే ప్రశ్న వస్తుంది. సరుకును ఇప్పుడే వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు తోలాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టి జూన్ దాకా ఆగాలా? ఈమధ్య ఆ మీటింగుల్లో చాప మధ్యన ఒక ఫోన్ కూడా కూర్చుంటోంది. ఎవరో ఒకరు ఏఐని తెలుగులో అడుగుతారు, అది తెలుగులోనే తడుముకోకుండా జవాబు చెబుతుంది. దాన్ని వాడాలా వద్దా అన్న వాదన ఇప్పుడు దండగ, ఎలాగూ వాడుతున్నారు. తేల్చుకోవలసింది దాన్ని మీటింగులో ఏ ఘడియలో వాడాలన్నది. ఫోన్ ముందు మాట్లాడిందా, మనుషులు ముందు రాశారా అన్న చిన్న తేడాతోనే నిర్ణయం తలకిందులవుతుంది.

ఇక్కడ నాలుగు పద్ధతులను పక్కపక్కన పెట్టి చూస్తున్నాం. ఒకటి, ఏఐ లేకుండా పాత పద్ధతిలో కూర్చుని మాట్లాడుకోవడం. రెండు, ముందు ఏఐని అడిగి ఆ జవాబు మీద చర్చించడం. మూడు, ఎవరి ఫోన్‌లో వాళ్ళు అడిగి రావడం. నాలుగు, ముందు ఎవరి అంచనా వాళ్ళు చీటీ మీద రాసి, ఆ తర్వాతే ఏఐని పిలవడం. అమ్మాలా ఆగాలా లాంటి ప్రశ్నలకు నాలుగోదే మేలు. అన్ని ప్రశ్నలకూ అదే మందు కాదు, ఆ సంగతి చివర్లో చూద్దాం.

ముందు ఖర్చు తేల్చుకుందాం

ఉదాహరణకు 11 మంది డైరెక్టర్లున్న కంపెనీ అనుకుందాం. ఇవాళ తేజ రకం మిర్చి క్వింటాలు 13,000 రూపాయలు పలుకుతోందనుకుందాం. మూడు నెలలు ఆగితే అయ్యే ఖర్చు ఇది. బయట తెచ్చిన అప్పు మీద నెలకు నూటికి రెండు రూపాయల మిత్తి (వడ్డీ), మూడు నెలలకు 780. సుమారు 40 కిలోల బస్తాకు 200 కిరాయి లెక్కన, క్వింటాలుకు రెండున్నర బస్తాలకు 500. తరుగు ఒక శాతం అనుకుంటే 130. హమాలీ, బండి కిరాయి రెండు వైపులా కలిపి 200. మొత్తం 1,610. అంటే జూన్‌లో 14,610 దాటితేనే ఆగినందుకు ఫలితం. ఇవి లెక్క అర్థం కావడానికి వేసుకున్న అంకెలు. మీ స్టోరేజీ కిరాయి, మీ మిత్తి వేసుకుని ఇదే వరుసలో కూడుకోండి.

ఈ 14,610 గీత పలక మీద పడకముందే చర్చ మొదలుపెడితే ఏ పద్ధతైనా దెబ్బతింటుంది. "ధర పెరుగుతది" అని అందరూ ఒప్పుకుని లేస్తారు, పెరిగింది 1,200 అయితే క్వింటాలుకు 410 రూపాయల నష్టంతో ఇంటికి పోతారు.

ఒకటి: ఏఐ లేకుండా కూర్చుని మాట్లాడుకోవడం

దీని బలం పాతకాలం నుంచీ తెలిసిందే. 1956లో మొదలైన తెలంగాణలోని ముల్కనూర్ సహకార సంఘం కాలం నుంచి ఈ నేలకు కలిసి కూర్చుని తేల్చుకోవడం అలవాటే. పది మంది ఉజ్జాయింపులు కలిస్తే ఎంత దగ్గరికి వస్తాయో చూపిన ప్రసిద్ధమైన లెక్క ఇంగ్లండ్‌లోని ప్లిమత్ సంతది. 1906లో అక్కడ ఒక ఎద్దును చూపించి, కోసి శుభ్రం చేశాక ఎంత తూగుతుందో టికెట్ల మీద రాయమన్నారు. చదవగలిగిన 787 టికెట్లను శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ వరుసలో పేర్చి చూస్తే మధ్య సంఖ్య 1,207 పౌండ్లు వచ్చింది. అసలు బరువు 1,198 పౌండ్లు. తేడా నూటికి ఒకటి కూడా లేదు. ఒకడు ఎక్కువ రాస్తే ఇంకొకడు తక్కువ రాశాడు, తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి.

అయితే అక్కడ ఎవరి టికెట్ వాళ్ళు రాసుకున్నారు, పక్కవాడి అంకె వినలేదు. మన మీటింగు అలా జరగదు. చైర్మన్ గొంతు సవరించుకుని "నా మాటైతే ఆగుదామనే" అంటాడు. తర్వాత మాట్లాడే పది మందిలో ఆరుగురు అదే మాటను వేరే రకంగా చెబుతారు. 1950ల్లో మనస్తత్వ శాస్త్రవేత్త సాలమన్ ఆష్ చేసిన ప్రయోగాల్లో గీతల పొడవు పోల్చమని అడిగారు. మిగతావాళ్ళంతా కావాలనే తప్పు చెబుతుంటే, కళ్ళెదుట కనిపిస్తున్నా దాదాపు మూడోవంతు సార్లు మనుషులు గుంపుతోనే పోయారు. గీతల విషయంలోనే అంత మొహమాటముంటే జూన్ ధర విషయంలో ఎంతుంటుందో ఊహించుకోవచ్చు.

పాత పద్ధతికి ఇంకో రోగం ఉంది, అది పైకి కనబడదు. అందరికీ తెలిసిన సంగతే మళ్ళీ మళ్ళీ మాట్లాడతారు, ఒక్కరికే తెలిసినది బయటికి రాదు. స్టాసర్, టైటస్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1985లో దీన్ని ప్రయోగంగా చూపించారు. మన మీటింగులో అయితే ఇలా ఉంటుంది. పోయినేడు ధర ఎంత పలికిందో 11 మందికీ తెలుసు, దాని మీదే గంట గడుస్తుంది. గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో పాత సరుకు ఎంత మిగిలిందో అక్కడ బావమరిది ఉన్న ఒక్క డైరెక్టర్‌కే తెలుసు. ఈసారి మంచుకు కాయ సరిగా ఆరలేదని, తేమ 10 శాతం దగ్గరికి రాలేదని కల్లంలో పనిచేసిన డైరెక్టరమ్మకే తెలుసు. తేమ ఎక్కువున్న కాయ స్టోరేజీలో బూజు పడుతుంది, నిర్ణయం మొత్తం ఆ ఒక్క ముక్క మీదే తిరగాలి. ఆమె మాట్లాడే వంతు వచ్చేసరికి చాయ్ వస్తుంది.

అమెరికా పరిశోధకురాలు అనితా వూలీ బృందం 2010లో 699 మందిని చిన్న చిన్న గుంపులుగా కూర్చోబెట్టి పరీక్షించింది. అందులో గుంపు తెలివిని బాగా పట్టించినవి మూడు. ఎదుటివాళ్ళ ముఖం చూసి మనసు గ్రహించే నేర్పు, మాట్లాడే వంతులు సమానంగా ఉండడం, గుంపులో ఆడవాళ్ళ వాటా. గుంపులో అందరికంటే తెలివైన మనిషి ఎంత తెలివైనవాడన్నది అంతగా పనిచేయలేదు. ఏఐని తెచ్చిపెట్టేవాళ్ళు తెచ్చేది సరిగ్గా ఆ "అందరికంటే తెలివైన" మనిషినే. వంతులు సమానం కాకుండా అలాంటివాణ్ణి ఇంకొకణ్ణి తెస్తే పెద్దగా ఒరిగేది లేదు.

రెండు: ముందు ఏఐని అడిగి, తర్వాత చర్చ

అందరికీ నచ్చేది ఇదే. ఐదు నిమిషాల్లో అయిపోతుంది, చైర్మన్ మీద నింద పడదు. నాలుగింటిలో ప్రమాదం ఎక్కువున్నదీ ఇదే.

ఫోన్ "జూన్‌లో 15,500 ఉండవచ్చు" అన్నదనుకోండి. "అంత చదువుకున్నది చెప్పినంక మనమేం చెప్తం" అని ఒకరంటారు. ఆ తర్వాత ఎవరి అంచనా అడిగినా 15,000కు, 16,000కు మధ్యే తిరుగుతుంది. పదకొండు మంది ఒకే మాట మీదున్నారు కదా అని ధైర్యం వస్తుంది, సరుకంతా స్టోరేజీకి పోతుంది. నిజానికి అక్కడున్నది ఒకే అంచనా, దాన్ని పదకొండు నోళ్ళు పలికాయంతే. 2011లో జూరిచ్‌లో 144 మంది విద్యార్థులతో పరిశోధకుడు యాన్ లోరెన్జ్ బృందం చేసిన ప్రయోగంలో ఇదే తేలింది. పక్కవాళ్ళ అంచనాలు చూపించగానే అంకెలు దగ్గరికి జరిగాయి, నమ్మకం పెరిగింది, గురి మాత్రం మెరుగుపడలేదు. అక్కడ ప్రభావం చూపింది తోటి మనుషులు. తడబడకుండా మాట్లాడే యంత్రం విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి.

యంత్రం ఎక్కడ తప్పుతుందో తెలిస్తే దాన్ని ముందు ఎందుకు పిలవకూడదో అర్థమవుతుంది. మొదటిది మిత్తి. మన దగ్గర "రెండు రూపాయల మిత్తి" అంటే నెలకు నూటికి రెండు, ఏడాదికి 24 శాతం. పుస్తకాల భాషలో "రెండు శాతం వడ్డీ" అంటే ఏడాదికి. మాట్లాడింది అక్షరాలుగా మారేటప్పుడో, అర్థం చేసుకునేటప్పుడో ఇది జారిపోతే మూడు నెలల మిత్తి 780 బదులు 65 పడుతుంది. అప్పుడు ఆగినందుకు ఫలితం దక్కే గీత 14,610 నుంచి 13,895కు దిగిపోతుంది. జూన్ అంచనా 14,500 అనుకుంటే, నిజమైన గీతతో "అమ్ము" అనాల్సిన చోట తప్పు గీతతో "ఆగు" అనిపిస్తుంది. ఒక్క మాట అర్థం మారితే చాలు, నిర్ణయం తిరగబడింది. జవాబు చూడడానికి మాత్రం శుభ్రంగా, పట్టిక గీసి మరీ ఉంటుంది.

రెండోది జెండా పాట. మర్నాడు పత్రికలో వచ్చే ధర చాలాసార్లు జెండా పాటదే, అంటే ఆ రోజు అన్నిటికంటే నాణ్యమైన కొన్ని లాట్లకు పలికిన ధర. మామూలు రైతు సరుకు, అందులోనూ తాలు (రంగు పోయిన నాసి కాయ) కలిసిన సరుకు ఆ ధరకు పోదు. యంత్రం చదివిన వార్తల్లో ఆ పై ధరలే ఎక్కువ కనిపిస్తే దాని అంచనా కూడా పైకే లాగుతుంది. మార్కెట్ వివరాల్లో కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ అని మూడు ధరలుంటాయి. ఏఐకి ఇవ్వాల్సింది మోడల్ ధర, అంటే ఆ రోజు ఎక్కువ సరుకు అమ్ముడైన ధర.

మూడోది తేదీ. ఇంటర్నెట్‌లో వెతికే సౌకర్యం లేని ఏఐ మోడల్‌కు ఇవాళ్టి ధర తెలియదు, నేర్చుకున్న కాలం దగ్గర దాని లోకం ఆగిపోయి ఉంటుంది. అయినా అడిగితే ఏదో ఒక అంకె చెప్పే అవకాశం ఉంది. "ఈ ధర ఏ తేదీది, ఏ మార్కెట్‌ది?" అని తప్పక అడగాలి. తేదీ చెప్పలేకపోతే ఆ అంకెను పలక మీద రాయొద్దు.

నాలుగోది అడిగే తీరు. "ఆగితేనే మంచిది కదా?" అని అడిగితే ఆగడానికి కారణాలు చెబుతుంది. "ఇప్పుడే అమ్మేస్తే నయం కదా?" అంటే అమ్మడానికి చెబుతుంది. అడిగినవాళ్ళకు వంతపాడే గుణం ఈ మోడళ్ళకు ఉంది. ఫోన్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ అభిప్రాయానికి యంత్రం ముద్ర పడుతుంది. చైర్మన్ మాటను కాదనడానికి ధైర్యం చేసేవాళ్ళు కూడా చైర్మన్ ఫోన్‌ను కాదనలేరు. పాత పద్ధతిలోని రోగం ఇక్కడ ముదురుతుంది.

మూడు: ఎవరి ఫోన్‌లో వాళ్ళు

పైకి ఇది బాగున్నట్టే ఉంటుంది. పదకొండు మంది పదకొండు ఫోన్లలో విడివిడిగా అడిగారు, ఒకరి మీద ఒకరి ప్రభావం లేదు కదా అనిపిస్తుంది. ఫోన్లు వేరైనా వాటి వెనకున్న మోడల్ ఒకటే కావచ్చు. మోడళ్ళు వేరైనా అవి చదివింది చాలావరకు అవే రాతలు. తెలుగులో మిర్చి గురించి ఇంటర్నెట్‌లో ఉన్న రాతే తక్కువ, అందరూ ఆ గుప్పెడు నీళ్ళే తాగారు. తప్పితే అన్నీ ఒకే వైపు తప్పుతాయి.

దీన్ని అంకెల్లో చూడొచ్చు. 1785లో ఫ్రెంచి గణితజ్ఞుడు కాండొర్సే వేసిన లెక్క ప్రకారం, ఒక్కొక్కరు నూటికి 60 సార్లు సరిగ్గా చెప్పేవాళ్ళు 11 మంది ఎవరి బుద్ధితో వాళ్ళు ఓటేస్తే, మెజారిటీ నూటికి 75 సార్లు సరిగ్గా వస్తుంది. ఇప్పుడు నూటికి 70 సార్లు సరిగ్గా చెప్పే యంత్రం వచ్చిందనుకోండి. ఒక్కో మనిషికంటే అది తెలివైనదే. అందరూ దాని మాటే ఓటుగా వేస్తే గుంపు 70 దగ్గర ఆగిపోతుంది. ప్రతి డైరెక్టరూ మెరుగుపడ్డాడు, బోర్డు మాత్రం 75 నుంచి 70కి దిగింది. విడివిడిగా చూస్తే ఈ నష్టం ఎవరికీ కనబడదు, ఎందుకంటే ఎవరికి వాళ్ళు బాగుపడ్డట్టే లెక్క.

ఆ లెక్కకు రెండో వైపు కూడా చెప్పాలి. అందరినీ ఒకే పుకారు తప్పుదోవ పట్టించి ఒక్కొక్కరు నూటికి 40 సార్లే సరిగ్గా చెప్పే స్థితిలో ఉంటే, ఆ గుంపు మెజారిటీ 25కి పడిపోతుంది. "చైనాకు ఎగుమతులు ఆగినయట" అన్న వాట్సాప్ మెసేజ్ ఊరంతా తిరిగిన రోజున ఓటు పెడితే జరిగేది అదే. అలాంటి రోజున ఏఐ చేత ఆ వార్త ఎక్కడిదో వెతికించడం మనుషుల ఓటుకంటే మేలు చేస్తుంది.

మూడో పద్ధతికి ఒక వాడకం ఉంది. మీటింగుకు ముందు ఇంటి దగ్గర అంకె అడగకుండా, "కోల్డ్ స్టోరేజీలో పెట్టే ముందు మిర్చిలో ఏమేం చూసుకోవాలి?" లాంటి నేర్చుకునే ప్రశ్నలు అడిగి రావడం. చదువు తక్కువున్న డైరెక్టర్లకు ఇది నిజంగా ఉపయోగం. మీటింగులో వాళ్ళ నోరు లేస్తుంది.

నాలుగు: ముందు చీటీలు, తర్వాత ఏఐ

దీనికి గంటన్నర పెట్టుకోవాలి. వరుస తప్పితే ఫలితం ఉండదు, అందుకే ఒక్కో అడుగూ విడమరిచి చెబుతున్నాం.

ప్రశ్నను అంకెలో జవాబు వచ్చేలా పలక మీద రాయాలి. "ఆగాలా వద్దా?" అని రాస్తే రెండు జట్లు తయారవుతాయి. "జూన్ రెండో వారంలో ఎనుమాములలో తేజ రకం మోడల్ ధర క్వింటాలుకు ఎంత?" అని రాస్తే ఎవరి బుర్ర వాళ్ళు పెడతారు. పక్కనే 14,610 గీత ఉండాలి.

తర్వాత పది నిమిషాలు మాటల్లేవు. ప్రతి ఒక్కరూ చీటీ మీద రెండు సంగతులు రాయాలి. ఒకటి అంకె. రెండోది, ఇక్కడున్న మిగతావాళ్ళకు తెలియదనుకునే ఒక్క విషయం. రెండోదే ఈ పద్ధతికి ఆయువుపట్టు, గుంటూరు నిల్వ సంగతి, కల్లంలో తేమ సంగతి బయటపడేది దానివల్లే. రాయడం రానివాళ్ళ దగ్గరికి డైరెక్టర్ కాని మనిషి, అకౌంటెంట్ లాంటివాళ్ళు వెళ్ళి పక్కకు పిలిచి రాసుకోవాలి. "అక్కా, మీ లెక్క ఎంత?" అని అందరి ముందు అడిగితే చీటీ పెట్టిన ప్రయోజనమే పోతుంది. ఫోన్లన్నీ ఈ పది నిమిషాలు ఒక బుట్టలో ఉండాలి.

చీటీల మీద పేర్లుండవు. అంకెలను చిన్నదాని నుంచి పెద్దదానికి పలక మీద రాయాలి. ఉదాహరణకు ఇలా వచ్చాయనుకోండి: 11,500, 12,000, 12,500, 13,500, 14,000, 14,500, 15,000, 15,500, 16,000, 17,000, 22,000. అన్నీ కూడి 11తో భాగిస్తే సగటు 14,864, అంటే గీత దాటింది, ఆగుదాం అనిపిస్తుంది. మధ్యలో ఉన్న ఆరో సంఖ్య 14,500, అంటే గీతకు 110 కింద ఉంది, అమ్ముదాం అనిపిస్తుంది. 22,000 రాసిన ఒక్క మనిషి సగటును పైకి లాగాడు. అందుకే సగటు తీయొద్దు, మధ్య సంఖ్య తీసుకోండి.

మధ్య సంఖ్యకంటే ముఖ్యమైనది ఆ చివర నుంచి ఈ చివరకు ఉన్న దూరం. ఒకవైపు 11,500, ఇంకోవైపు 22,000. ఇంత చెదిరిపోయిందంటే జూన్ ధర ఎవరికీ తెలియదని అర్థం. మధ్య సంఖ్య గీతకు ఇంత దగ్గరగా ఉండి, అంకెలు ఇంత దూరంగా పరుచుకుంటే మొత్తం సరుకును ఒకే వైపు పెట్టడం తప్పు. మిత్తికి అప్పు తెచ్చినవాళ్ళ సరుకు ముందు అమ్మి, అప్పు లేనివాళ్ళ సరుకులో బాగా ఆరినది మాత్రం స్టోరేజీకి పంపొచ్చు. రెండో పద్ధతిలో ఫోన్ ముందు మాట్లాడినప్పుడు చెరిగిపోయింది సరిగ్గా ఈ దూరమే.

ఆ తర్వాత కారణాలు చదవాలి. అన్నిటికంటే తక్కువ రాసిన చీటీ, అన్నిటికంటే ఎక్కువ రాసిన చీటీ ముందు. పదిహేను నిమిషాలు చాలు.

ఇప్పుడు ఏఐని పిలవండి. దానికి చెప్పే మాటలు చాలా స్పష్టంగా ఉండాలి: "అప్పు మీద నెలకు 2 శాతం వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం. ఇవాళ మోడల్ ధర 13,000. మూడు నెలలు నిల్వ చేస్తే అయ్యే ఖర్చును ఒక్కో పద్దుగా విడివిడిగా చూపించు." వచ్చిన పద్దులను ఒకరు క్యాలిక్యులేటర్‌లో మళ్ళీ కూడాలి. తర్వాత రెండు ప్రశ్నలు, రెండు వేరు వేరు చాట్లలో అడగాలి. "మేము ఆగాలని నిర్ణయించాం. జూన్‌లో నష్టం వచ్చింది. ఎందుకు వచ్చి ఉంటుందో ఐదు కారణాలు చెప్పు." రెండో చాట్‌లో "మేము ఇప్పుడే అమ్మేశాం, తర్వాత బాధపడ్డాం" అని అదే ప్రశ్న. ఒకే చాట్‌లో అడిగితే మొదటి జవాబు నీడ రెండోదాని మీద పడుతుంది. ఆ పది కారణాల్లో చీటీల్లో ఎక్కడా రానివి ఏవో గీత గీసి చూసుకోండి. యంత్రం అక్కరకు వచ్చేది ఇక్కడే, అందరూ మరిచిన మూలను అది వెతికి పెడుతుంది.

దాని ధర అంచనా కూడా అడగొచ్చు. ఆ అంకెను వేరే రంగుతో పక్కన రాయండి, పన్నెండో చీటీగా కలపొద్దు. దాని గురి ఎంతో తెలిసేదాకా దానికి ఓటు లేదు.

చివరి చర్చలో వయసులో చిన్నవాళ్ళు, కొత్తగా వచ్చినవాళ్ళు ముందు మాట్లాడాలి, చైర్మన్ ఆఖరున. ఇరవై నిమిషాల తర్వాత మళ్ళీ చీటీలు. రెండో విడత మధ్య సంఖ్యే బోర్డు అంచనా. ఇందులో కొత్తదనం తక్కువే. 1950ల్లో అమెరికాలో రాండ్ సంస్థ నిపుణుల అభిప్రాయాలను పేర్లు లేకుండా విడతలుగా సేకరించడానికి తయారుచేసిన డెల్ఫీ పద్ధతికి ఇది పల్లె రూపం. అందులోకి యంత్రాన్ని రెండు విడతల మధ్య దూర్చడమే మార్పు.

ఈ పద్ధతి ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి. చిన్న ఊళ్ళలో చేతిరాత చూసి ఎవరిదో గుర్తుపడతారు, అందుకే చీటీలన్నీ అకౌంటెంట్ ఒక్కడే చదవాలి. గంట దాటాక ఓపిక తగ్గి రెండో విడత చీటీలు మానేస్తారు, అలా మానేస్తే చైర్మన్ ఆఖరి మాటే నిర్ణయమైపోతుంది. రోజువారీ చిన్న కొనుగోళ్ళకు ఇంత తతంగం అక్కర్లేదు. ఏడాదికి నాలుగైదు పెద్ద నిర్ణయాలకే ఇది.

యంత్రానికి అంకె మీద కాకుండా పద్దుల మీద, కారణాల మీద పని అప్పగించడానికి ఇంకో ఆధారం కూడా ఉంది. మనిషి, ఏఐ కలిసి పనిచేసిన 106 ప్రయోగాలను కలిపి చూసిన ఒక పరిశీలన 2024లో వచ్చింది. సగటున చూస్తే ఆ జోడీ, ఇద్దరిలో ఎవరు మెరుగో వాళ్ళు ఒంటరిగా చేసినదానికంటే వెనకబడింది. నిర్ణయం తీసుకునే పనుల్లో నష్టం కనిపించింది, రాయడం, తయారుచేయడం లాంటి పనుల్లో లాభం కనిపించింది.

చీటీలతో తేలని ప్రశ్నలు

మిర్చి ఆకు ముడుచుకుంటే ఏం కొట్టాలన్నది ఓటు పెట్టే సంగతి కాదు. ఆకు అంచులు పైకి దోనెలాగా లేస్తే తామర పురుగు, కిందికి బోర్లించినట్టు ముడిస్తే నల్లి. ఆకులు చిన్నవైపోయి మొక్క గిడసబారితే, తెల్లదోమ తెచ్చే వైరస్ అయి ఉండొచ్చు. నల్లికి కొట్టే మందు తామర పురుగుకు కొడితే డబ్బు దండగ. ఫోటో తీసి ఏఐకి పెడితే దగ్గరి జవాబు రావచ్చు. కానీ పైనుంచి తీసిన ఫోటోలో పై ముడతా కింది ముడతా తేడా తెలియదు, పక్కనుంచి ఒకటి, ఆకు తిప్పి అడుగు వైపు ఒకటి, విడదీసిన పువ్వు ఒకటి తీయాలి. 2021-22 సీజన్లో తోటలను ముంచిన నల్ల తామర పురుగు పువ్వుల్లో దాక్కుంది, ఆకులు మాత్రమే చూసినవాళ్ళు ఆలస్యంగా కనిపెట్టారు. పది మంది రైతులు "పోయినేడు రోగమే" అన్నంత మాత్రాన అది నిజం కాదు. యంత్రం చెప్పినా కాదు. రెండు మూడు మొక్కలు వేళ్ళతో పీకి మల్యాల ఉద్యాన పరిశోధన కేంద్రానికో, వరంగల్ వ్యవసాయ పరిశోధన స్థానానికో తీసుకుపోవడమే ఇక్కడ మేలైన పద్ధతి.

పంపకాల ప్రశ్నలు ఇంకో రకం. మిగులు 4 లక్షలు వచ్చిందనుకోండి, బోనస్‌గా పంచాలా, టార్పాలిన్లు కొనాలా, వచ్చే ఏడు విత్తనాలకు దాచాలా? దీనికి సరైన అంకె అంటూ లేదు, ఎవరి అవసరం వాళ్ళది. ఇక్కడ ఏఐని ముందు నుంచే వాడొచ్చు, రాతగాడిగా. గూగుల్ డీప్‌మైండ్ పరిశోధకులు 2024లో బ్రిటన్‌లో 5,734 మందితో ఇలాంటి పని చేయించి చూశారు. ప్రతి ఒక్కరి అభిప్రాయం తీసుకుని, యంత్రం ఉమ్మడి మాట రాసి, అందరూ దాన్ని విమర్శించాక మళ్ళీ రాసింది. మనుషులైన మధ్యవర్తులు రాసినదానితో పోల్చి అడిగితే నూటికి 56 సార్లు యంత్రం రాసినదే నచ్చింది. పొదుపు సంఘాల సమాఖ్య మీటింగులో దీన్ని వాయిస్ మెసేజ్‌లతో చేయొచ్చు. ప్రతి సభ్యురాలూ ఒక నిమిషం మాట్లాడుతుంది, ఏఐ మూడు ముసాయిదాలు రాస్తుంది, అవి బిగ్గరగా చదివి "నా మాట ఇందులో ఉందా?" అని ఒక్కొక్కరినీ అడగాలి. లేదన్నవాళ్ళ మాటను వాళ్ళ మాటల్లోనే చేర్చి మళ్ళీ రాయించాలి. ఈ రెండో విడత వదిలేస్తే ఒంటరి స్త్రీ, కౌలుదారు లాంటి ఒక్కరిద్దరి మాట నున్నటి వాక్యాల్లో కలిసి మాయమవుతుంది. "మక్కలు", "మిత్తి", "ఏరుడు కూలి" లాంటి మాటలను యంత్రం మార్చి రాసిందేమో కూడా చూడాలి. ఎవరి అప్పు ఎంత, ఎవరు కిస్తీ ఎగ్గొట్టారు అన్న వివరాలు మాత్రం ఫోన్‌లోకి పోకూడదు.

సభ్యులు 300 మంది ఉన్న సర్వసభ్య సమావేశానికి చీటీల చర్చ కుదరదు. తైవాన్‌లో 2015లో ఉబర్ టాక్సీల వివాదానికి పోలిస్ అనే పద్ధతి వాడారు. జనం చిన్న చిన్న వాక్యాలు రాస్తారు, మిగతావాళ్ళు ఒప్పుకుంటాం, ఒప్పుకోం అని నొక్కుతారు, జవాబు రాసి గొడవపడే వీలుండదు. ఏ ఏ గుంపులు ఎక్కడ కలుస్తున్నాయో కంప్యూటర్ పటం గీస్తుంది. పెద్ద సంఘాలకు అది నయం.

మళ్ళీ మిర్చి బోర్డుకు వస్తే, ఆ రోజు రెండు విడతల చీటీలు, మధ్య సంఖ్యలు, వేరే రంగుతో రాసిన ఏఐ అంకె, ఏ ఏఐ మోడల్‌ను ఏ మాటలతో అడిగారో రాసిన కాగితం, అన్నీ ఒక కవర్లో పెట్టి, తేదీ వేసి, ఇద్దరు డైరెక్టర్లు సంతకం చేసి మినిట్స్ బుక్కుతో పాటు బీరువాలో పెట్టాలి. జూన్ రెండో వారంలో ఎనుమాముల మోడల్ ధర చూసి, బోర్డు మీటింగులో కవరు అందరి ముందు విప్పాలి. మొదటి విడత ఎంత దూరంలో ఉంది, రెండో విడత ఎంత, ఏఐ ఎంత అని మూడు అంకెలు ఒక పేజీలో రాసుకోవాలి. మూడు నాలుగు సీజన్లు గడిచాక ఆ పేజీ చూస్తే ఏఐకి పన్నెండో చీటీ ఇవ్వాలో వద్దో బోర్డే తేల్చుకోగలుగుతుంది.